ఆడే హక్కు, పోటీ వద్దనే హక్కు



ఆట అంటే పోటీయేనా? పోటీ వద్దనుకున్నవానికి ఆటలో చోటుండాలా, అక్కరలేదా? చూడటానికి ఇది చిన్నపిల్లల తగవులా కనిపిస్తుంది. కాని ఇంటింటికీ సెల్‌ఫోను వచ్చి, దానిలోనే పిల్లల ఆటలన్నీ చేరిన ఈ రోజుల్లో, ప్రతి తల్లీ తండ్రీ ఆలోచించవలసిన నైతిక ప్రశ్న ఇది.

మన ప్రాంతంలో తిరునాళ్ళకు జరిగే బండలాగుడు పోటీలను తీసుకుందాం. అక్కడ పాలపళ్ళ ఎడ్లకు ఒక విభాగం, రెండు పళ్ళవాటికి మరొకటి, ముదురు ఎడ్లకు వేరొకటి ఉంటాయి. లేత ఎడ్లను ముదురువాటితో పోటీకి నిలబెట్టరు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. సేద్యం కోసం కాడెద్దులను పెట్టుకున్న రైతును, "నీకు ఎడ్లున్నాయి గనుక బండ లాగించి తీరాలి" అని ఎవరూ బలవంతపెట్టరు. పోటీకి దిగడం అతని ఇష్టం.

ఆన్‌లైన్ ఆటల్లో ఈ ఇష్టానికి అన్నివేళలా చోటుండలేదు. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ అనే ఆటలో, ఊరి పొలిమేర దాటిన ఆటగాణ్ణి ఇతరులు చంపి దోచుకోగలిగేవారు. ఫిర్యాదులు పెరిగిన మీదట 2000లో నిర్వాహకులు ఆ లోకాన్ని రెండు చేసి, ఒక భాగంలో ఆ బెడద లేకుండా చేశారు. నేడు లీచెస్ అనే చదరంగపు వేదికలో, రేటింగు లెక్కకు వచ్చే ఆటా, ఊరకే ఆడుకొనే ఆటా అన్నది ఆటకు ముందే ఎంచుకోవచ్చు. లూడో కింగ్‌లో తెలియనివారితో తలపడకుండా ఇంటివారితోనే ఆడుకోవచ్చు. కనుక ఇలాంటి ఏర్పాటు అసాధ్యమేమీ కాదు.

అయితే దీనికి అభ్యంతరాలున్నాయి. పోటీ మనిషిలోని శక్తిని వెలికి తీస్తుంది. కోనేరు హంపి 2019లోను, మళ్ళీ 2024లోను ప్రపంచ మహిళల ర్యాపిడ్ చదరంగ కిరీటం గెలిచారంటే, అది గట్టి ప్రత్యర్థులను ఎదుర్కొన్నందువల్లనే. నిజమే. కాని ఇష్టపడి దిగినవానిపై గెలిస్తేనే అది గెలుపు. బలవంతాన నిలబెట్టినవాణ్ణి ఓడించడంలో గొప్పేముంది? పోటీ వద్దనేవానికి దారి విడిచిపెడితే, పోటీకే గౌరవం పెరుగుతుంది.

మరొక అభ్యంతరం: అందరూ తప్పుకుంటే జట్టు గతేమిటి? ఇక్కడ తేడా గమనించాలి. ఆటకు ముందు వద్దనడం స్వేచ్ఛ. జట్టులో చేరి, మాట ఇచ్చి, సగంలో విడిచిపోవడం మాట తప్పడం. మొదటిది హక్కు, రెండవది దోషం. అలాగే పోటీ వద్దన్నవాడు పోటీ బహుమతి కోరరాదు. శ్రమ పడినవారిదే ఆ ఫలం.

పునీత తోమాసు అక్వినాసు వారు ఆటను తేలికగా తీసివేయలేదు. శరీరంవలెనే మనస్సూ అలసిపోతుందనీ, ఆట దానికి విశ్రాంతి అనీ బోధించారు. మరి విశ్రాంతి కోరి వచ్చినవాణ్ణి కూడా తూకం వేసి, ర్యాంకు కట్టి నిలబెడితే, అది ఆట పేరుతో జరిగే మరొక పరీక్షే గదా!

డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలపై తెలంగాణ 2017లో, మన రాష్ట్రం 2020లో నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టాన్నే ఆమోదించింది. ఆ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, వినోదపు ఆటలను మాత్రం ప్రోత్సహిస్తుంది. డబ్బు అనే ఉచ్చును చట్టం తీసివేయగలదు. "నేను పక్కవానికన్నా తక్కువ" అని పసి మనసులో నాటుకొనే ముల్లును తీయడం చట్టంవల్ల కాదు. అది ఇంట్లో జరగవలసిన పని.

తల్లిదండ్రులారా! ఫలితాలు వచ్చిన మరునాడే వీధుల్లో ర్యాంకుల ఫ్లెక్సీలు లేస్తాయి. బడిలో ర్యాంకు, ట్యూషన్‌లో ర్యాంకు, చివరకు ఫోనులో కూడా ర్యాంకే. బిడ్డ ఆడుకొని వచ్చినప్పుడు "గెలిచావా?" అని మనమే ముందు అడుగుతున్నామేమో చూసుకుందాం. గెలుపోటముల లెక్క లేకుండా, ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా అంగీకరించే చోటు ప్రతి బిడ్డకూ ఒకటి కావాలి. ఆటలో ఆ చోటు ఇవ్వమని కంపెనీలను అడుగుదాం. అంతకు ముందు, మన ఇంట్లో ఆ చోటు ఇద్దాం.