తసల్లీ బొమ్మలు

హాయినిచ్చే నమ్మకాన్ని, అబద్ధమని తెలిసి కూడా, మనిషి ఎందుకు వదులుకోడు? ప్రశ్న పాతదే. నాలుగు మాటలు చెబితే బొమ్మ గీసిచ్చే యంత్రాలు 2022లో జనం చేతికొచ్చాక మళ్లీ ముందుకొచ్చింది.

ఈ యంత్రాలు కోట్లాది బొమ్మల్నీ వాటికి జతపడిన మాటల్నీ చూసి నేర్చుకున్నవి. చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, అడిగిన రూపం తేలేదాకా దాన్ని కొంచెం కొంచెంగా తుడుస్తూ పోతాయి. ఎక్కువసార్లు చూసిందే వాటికి సులువుగా తేలుతుంది. అంటే జనంలో అరిగిపోయిన నమ్మకమే కొత్త రంగులద్దుకుని తిరిగొస్తుంది.

మేం నవాబు బొమ్మ అడుగుతాం. షేర్వాణీ, అత్తరు, దివాన్‌ఖానా. ఒకప్పుడు మేం పాలించామన్న తసల్లీ. పాలించిందెవరు? దూదేకినవాళ్లా, జట్కా తోలినవాళ్లా, బీడీలు చుట్టిన ఆడవాళ్లా? ఆ బొమ్మలో రజాకార్ల దౌర్జన్యమూ కనిపించదు. మా లౌకిక మిత్రులు చార్మినార్ ముందు కౌగిలించుకున్న టోపీనీ బొట్టునీ అడుగుతారు. అది పూర్తిగా అబద్ధం కాదు. పీర్ల పండుగకి అలావా చుట్టూ అన్ని కులాలవాళ్లూ ఆడిన ఊళ్లు మావి. కానీ ఆ కౌగిలిలో 1948 ఉండదు. పోలీసు చర్యలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు ప్రచురించలేదు.

మరి ఈ తసల్లీ మీదే బొమ్మలు చేసే కళాకారుడు ఏం చెయ్యాలి? జనాన్ని వెక్కిరించడం సులువు. దెబ్బతిన్నవాడికి తసల్లీ మందు కూడా. దాన్ని లాక్కునే హక్కు ఎవరికీ లేదు. అడగాల్సింది ఒకటే: ఈ తసల్లీ ఎవరి గాయాన్ని కప్పుతోంది? నాకే భ్రమా లేదనుకోవడం కూడా కళాకారుడి తసల్లీయే కదా!

సూత్రంతో బొమ్మ కట్టడం మాకు కొత్త కాదు. బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీది పింగాణీ పలకల అల్లిక లెక్కతో పుట్టిందే. కానీ ఆ పలకలు జరిగినదానికి సాక్ష్యమని చెప్పుకోవు. యంత్రం బొమ్మ ఫొటోలా నటిస్తుంది. తప్పంతా ఆ నటనలోనే ఉంది. కాబట్టి బొమ్మ కింద, దాన్ని పుట్టించడానికి మనం అడిగిన మాటల్ని కూడా రాసిపెట్టాలి. చూసేవాళ్లకి నవాబుతో పాటు, నవాబును కోరుకున్న మేమూ కనిపించాలి.