సంతకం అడిగిన రోజు

నా దగ్గర ఒక సైకిలు డైరీ ఉంది. ఎంత దూరం తొక్కి వచ్చినా కాళ్లు కడుక్కుని కూర్చుని అందులో నాలుగు ముక్కలు రాసుకోవడం పదేళ్ల అలవాటు. 2019 ఫిబ్రవరిలో ఒక ఆదివారం కింద ఇలా ఉంది: ‘అత్తాపూర్ నుంచి అనంతగిరి. దారిలో ఒక్క సైక్లిస్టు కూడా తగల్లేదు. రోడ్డంతా నాదే.’

మొన్న ఆ డైరీ తిరగేస్తుంటే ఆ పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ పొద్దున ఎదురైనవాళ్లు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. అప్పా జంక్షన్ దాటగానే, తడి వల కారియర్‌కి కట్టుకుని హిమాయత్ సాగర్ వైపు నుంచి వస్తున్న మనిషి. మొయినాబాద్ దగ్గర, వెనక అటూ ఇటూ పాలక్యాన్లు వేలాడేసుకుని ఎదురుగాలికి వంగి తొక్కుతున్న ముసలాయన. ఆయన్ని దాటేటప్పుడు నేను గేరు మార్చి మరీ వేగం పెంచాను. ఇంకాస్త ముందుకెళ్తే ఒక ఫామ్‌హౌస్ గేటు ముందు, రాత్రి డ్యూటీ దిగి మంకీ టోపీతోనే సైకిలెక్కుతున్న వాచ్‌మన్. ముగ్గురివీ సైకిళ్లే. నా లెక్కలోకి ఒక్కరూ రాలేదు. బతకడానికి తొక్కేవాళ్లు నా కంటికి సైక్లిస్టులుగా ఆనలేదన్నమాట. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. దీనికంటే పెద్ద సిగ్గు ఇంకొకటుంది. అది చెప్పాలంటే ముందు ఆ దారి సంగతి చెప్పాలి.

కాగితాల మీద అది 163వ నంబరు జాతీయ రహదారి. మాకందరికీ బీజాపూర్ రోడ్డు. మొయినాబాద్ దాటిన దగ్గర్నుంచి మన్నెగూడ దాకా రెండు పక్కలా మర్రిచెట్లు, అన్నీ కలిపి దాదాపు తొమ్మిది వందలు. నిజాం కాలంలో నాటినవి. చాలాచోట్ల అటు కొమ్మా ఇటు కొమ్మా పైన కలిసిపోయి ఉంటాయి. మన్నెగూడ చౌరస్తాలో కుడికి తిరిగితే వికారాబాద్, ఆ పైన అనంతగిరి గుట్టలు. మా ఇంటి నుంచి డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు.

తెల్లారగట్ల ఆ మర్రుల కింద సైకిలు తొక్కడం ఎలా ఉంటుందో చెప్పకపోతే నా తప్పు కూడా సగమే అర్థమవుతుంది. ముందుచక్రం చెట్టు నీడలోకి పోగానే ముంజేతుల మీద చలి తగులుతుంది. చెట్టు దాటగానే పోతుంది. మళ్లీ ఇంకో చెట్టు, మళ్లీ చలి. ఎండలు ముదిరే ముందు మర్రిపండ్లు రాలి, తారు మీద నలిగి ఎర్రటి మరకలవుతాయి. టైరు కింద చిట్లుతుంటే ఆ చప్పుడు సీటు దాకా తెలుస్తుంది. పైన గోరువంకల గోల, ఆ గోలలోనే ఎక్కడో ఒక కంసాలిపిట్ట ఆగకుండా టుక్ టుక్ మని కొట్టడం. పల్లంలో పెడల్ ఆపితే వెనకచక్రం చేసే టిక్‌టిక్ తప్ప నా వైపు నుంచి ఏ శబ్దమూ ఉండదు. ఆఫీసులో వారమంతా తిన్న మాటలు ఆ టిక్‌టిక్‌లో ఒక్కొక్కటే రాలిపోతున్నట్టు ఉండేది. నేను దేవుడికి దణ్ణం పెట్టే మనిషిని కాను. నాకు గుడి లాంటిది ఏదైనా ఉందంటే అది ఆ రోడ్డే.

అనంతగిరి మీద వంపులు తిరిగే రోడ్డుకి రెండు వైపులా టేకు, మోదుగ, కింద సీతాఫలం పొదలు. శివరాత్రి రోజుల్లో మోదుగ పూసిందంటే ఆకు కనపడదు. పైన అనంతపద్మనాభస్వామి గుడి, నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి. ఊపిరితిత్తులు పాడైనవాళ్లని ఒకప్పుడు ఈ చెట్ల గాలికి పంపేవారు. మూసీ పుట్టేది కూడా ఈ గుట్టల్లోనే. మా అత్తాపూర్ వంతెన కింద ముక్కు మూసుకుని దాటే నీళ్లే ఇక్కడ సన్నటి వాగై ఆకుల కింద పారతాయి.

ఇంత ప్రశాంతత నగరానికి ఇంత దగ్గర్లో ఎలా మిగిలింది? చాలా ఏళ్లు నాకు ఈ ప్రశ్నే తట్టలేదు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచాక, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. ఆ రెండు చెరువుల నీళ్లు చెడిపోకూడదని 1996లో 111 జీవో తెచ్చారు. చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 ఊళ్లలో ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు రాకుండా ఆంక్షలు పెట్టారు. పక్కన గచ్చిబౌలి ఆకాశానికి లేస్తుంటే మొయినాబాద్ వైపు చాలా పొలాలు పొలాలుగానే ఉండిపోవడంలో ఆ కాగితం పాత్ర పెద్దది. ఆ జీవో ఎత్తేయమని ఆ ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. నగరం తాగే నీళ్ల కోసం వాళ్ల భూమి ధర ఆగిపోయింది. ఆగిపోయిన ఆ పొలాల మధ్య నుంచి నేను ఆదివారం పూట ఉచితంగా గాలి పీల్చుకుని వచ్చాను. చెరువులకి ఆ రక్షణ ఉండాలనే ఇప్పటికీ అంటాను. కానీ దాని ఖర్చు భరించినవాళ్ల మొహం ఒక్కసారి కూడా చూడకుండా అన్నాను.

ఇక సంతకం సంగతి.

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు రోడ్డుని నాలుగు వరసలు చేయాలన్నారు. చేస్తే మర్రులు పోతాయి. పోకూడదని చాలామంది నిలబడ్డారు, వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది, ఏళ్లు నడిచింది. నేనూ నాతో సైకిలు తొక్కే ఇద్దరు మిత్రులూ మా వంతుగా సంతకాలు సేకరించాం. 2021 డిసెంబరులో ఒక ఆదివారం, చేవెళ్ల దాటాక ఆలూరు రాకముందు, ఒక పెద్ద మర్రి కింద ఆగాను. ఆ చెట్టు కింద ఒకామె కూరగాయలు, జామకాయలు అమ్మేది. అరవై దాటి ఉంటాయి. పొద్దున్నే చీపురుతో చెట్టు మొదలంతా ఊడ్చి, గోనెపట్టా పరిచి, ఒక డబ్బాలో నీళ్లు పెట్టుకుని టమాటాల మీద చేత్తో చిలకరిస్తూ ఉండేది. అంతకు ముందు మూడేళ్లుగా ఆమె దగ్గర జామకాయలు కొంటున్నాను. కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నాను.

“చెట్లుండాలె సారూ, ఎవరొద్దంటరు?” అంది. “గని రోడ్డు గూడ పెద్దగ గావాలె. మా చిన్నోడు పొద్దుమీకినంక బండి మీద వస్తుంటే లారీ లైట్లకు కండ్లు గానలేదు. గీ చెట్టుకే గుద్దుకున్నడు. కాలుకు రాడ్డేసిన్రు.”

ఆ మాటకి నేను ఏమనాలి? దెబ్బ ఎలా ఉంది, ఇప్పుడు నడుస్తున్నాడా అని అడగాలి. నేను అడగలేదు. ఒక చెట్టు ఎంత ప్రాణవాయువు ఇస్తుందో, దాని మీద ఎన్ని పక్షులు బతుకుతాయో చెప్పడం మొదలుపెట్టాను. ఆమె తల ఊపుతూ విని, కాగితం మాత్రం ముట్టుకోలేదు. నాకు కోపం వచ్చింది. “మీకు చెట్టు విలువ తెలియట్లేదమ్మా,” అన్నాను.

ఏళ్ల తరబడి ఆ చెట్టు మొదలు ఊడ్చిన మనిషితో అన్నాను ఆ మాట.

ఆమె ఏమీ అనలేదు. తరాజులో జామకాయలు పోసి, తూగాక ఇంకొకటి పైన వేసి ఇచ్చింది. నేను డబ్బిచ్చి వచ్చేశాను. ఆ రోజు డైరీలో ‘స్థానికుల్లో అవగాహన లేదు’ అని రాసుకున్నాను. ఇప్పుడా వాక్యాన్ని కొట్టేయాలని కలం తీసి, మళ్లీ పెట్టేశాను. ఉండనీ అనుకున్నాను. నా ఫోన్లో ఆ మర్రి ఫొటోలు ఇరవై పైనే ఉన్నాయి. ఊడలు, పొగమంచు, ఖాళీ రోడ్డు. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. గోనెపట్టా, ప్లాస్టిక్ ట్రేలు ఫ్రేములో పడకుండా పక్కకి జరిగి తీసేవాణ్ని.

2024 డిసెంబరు 2న ఆలూరు దగ్గర రోడ్డు పక్క కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి లారీ దూసుకెళ్లింది. మనుషులు పోయారు. ఆ సాయంత్రం టీవీలో చెల్లాచెదురైన కూరగాయలు చూపిస్తుంటే నా గుండె ఆగినంత పనైంది. మర్నాడు పేపర్లో పేర్లు వెతికాను. రెండుసార్లు చదివాక అర్థమైంది, నాకు ఆమె పేరు తెలియదని. ఆరేళ్లు ఆమె చేతి జామకాయలు తిన్నాను. ఏ పేరు కోసం వెతుకుతున్నానో నాకే తెలియదు.

అప్పుడైనా సైకిలు తీసుకుని వెళ్లాలి కదా. వెళ్లలేదు. మూడు ఆదివారాలు గండిపేట వైపు తొక్కాను. అటు రోడ్డు బాగుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ చెట్టు కింద ఖాళీ జాగా చూడాల్సి వస్తుందేమోనన్న భయం అది. ఆమె ఏమైందోనన్న బెంగ కంటే, నేను అన్న మాట వెనక్కి తీసుకునే అవకాశం పోయిందేమో అన్న బాధే అందులో ఎక్కువ. మనిషి ప్రాణం గురించి కంగారు పడుతూ కూడా నా లెక్క నేను చూసుకున్నాను.

నాలుగో ఆదివారం వెళ్లాను. ఆమె ఉంది. పట్టా మాత్రం రోడ్డుకి నాలుగడుగులు వెనక్కి, చెట్టు చాటుకి జరిగింది. దిగి, ముందు పేరు అడిగాను. చెప్పింది. అది ఇక్కడ రాయను గానీ డైరీలో రాసుకున్నాను. తర్వాత కొడుకు గురించి అడిగాను. నగరంలో ఒక ఫంక్షన్ హాల్లో పని, పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి ఒంటిగంటకి బయల్దేరతాడు, చలికాలం వస్తే కాలు గుంజుతుంది. సంతకం రోజు అన్న మాటకి క్షమించమన్నాను. ఆమెకి ఆ మాట గుర్తులేదు. నా మీద జాలితో అలా అందో, నిజంగానే అలాంటి మాటలు రోజూ వింటూ ఉంటుందో నాకు తెలియలేదు. రెండోదే అయ్యుంటుందనిపిస్తుంది.

2025 నవంబరు 3, సోమవారం పొద్దున, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సుని చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఢీకొట్టింది. బస్సులో కూర్చున్నవాళ్లు కంకరలో కూరుకుపోయారు. పందొమ్మిది మంది పోయారు. ఆదివారం ఇంటికొచ్చి మళ్లీ చదువులకీ ఉద్యోగాలకీ నగరానికి పోతున్న పిల్లలు అందులో ఉన్నారు. అంతకు కొద్ది రోజుల ముందే చాలా చెట్లని ఉంచి, కొన్నిటిని తరలించి రోడ్డు వేసేలా ఒప్పందం కుదిరింది. చెట్లూ ఉండి రోడ్డూ పెద్దదయ్యే దారి ఉందని ముందే మేం ఆ ఊళ్లవాళ్ల పక్కన కూర్చుని అడిగి ఉంటే? ఆ పందొమ్మిది ప్రాణాలకి నా సంతకాల కాగితం కారణమని అనను. టిప్పర్ వేగం ఉంది, ఓవర్‌లోడు ఉంటే అదీ ఉంది, ఇరుకు రోడ్డుకి ఏళ్ల తరబడి మరమ్మతు లేకపోవడం ఉంది. కానీ ఆ కాగితం మీద చెట్ల లెక్క ఉంది, ఆ రోడ్డు మీద పోయినవాళ్ల లెక్క లేదు. ఆ కాగితం రాసింది నేను.

ఆ తర్వాత వెళ్లినప్పుడు ఆమె అడిగింది. “మా చెట్టు ఉండేటిదా, పోయేటిదా సారూ?”

తెలుసుకుని వచ్చే ఆదివారం చెప్తానన్నాను.

“ఆదివారం బండ్లుండయి సారూ. నువ్వు ఎప్పుడొచ్చినా ఆదివారమే వస్తవు. ఓపారి సోమారం రా.”

సెలవు పెట్టి సోమవారం వెళ్లాను. ఏడున్నరకి మొయినాబాద్‌లో ఉన్నాను. అక్కణ్నుంచి చేవెళ్ల దాకా పదకొండుసార్లు తారు దిగి మట్టిలోకి పోవాల్సి వచ్చింది. ఒకచోట సైకిలుని ఊడల మధ్యకి నెట్టి, చెట్టుకి వీపు ఆనించి నిలబడితే, ఎదురెదురుగా వస్తున్న రెండు టిప్పర్లు జానెడు సందులో దాటుకుపోయాయి. వాటి వెనక బస్సు, ఫుట్‌బోర్డు మీద బ్యాగులు తగిలించుకున్న పిల్లలు. పాలక్యాన్ల సైకిలు ఒకటి నా ముందే మట్టిలోకి దిగి, ఆగి, మళ్లీ రోడ్డెక్కింది. తొక్కేది కుర్రాడు. ఈసారి అతన్ని దాటకుండా వెనకే వెళ్లాను. కంసాలిపిట్ట అరిచే ఉంటుంది. వినపడలేదు.

మర్రి దగ్గరికి చేరేసరికి తొమ్మిది. ఆమె టమాటాలు తూస్తోంది. లారీ పోయినప్పుడల్లా డబ్బాలో నీళ్లు వలయాలు వలయాలుగా కదులుతున్నాయి. నేను ఎప్పట్లాగే సైకిలుని రోడ్డంచున స్టాండు వేయబోయాను.

“గిటు పెట్టు సారూ,” అంది, పట్టా ఒక పక్కకి గుంజి జాగా చేస్తూ. “రోడ్డు దిక్కు వద్దు.”