గాయపడినవానిని ఏమి అడుగవలెను?

లూకా సువార్త పదియవ అధ్యాయములో, దొంగల చేత చిక్కినవాని గాయములను సమరయుడు కట్టెనని చదువుచున్నాము. అక్కడ గ్రీకు మూలములోని నామవాచకము ‘త్రౌమ’. క్రొత్త నిబంధనలో ఆ నామవాచకము మరెక్కడను లేదు. నేటి మనోవైద్యులు ‘ట్రామా’ అనునది ఈ మాటనే. అయితే దాని అర్థము శరీరమును దాటి మనస్సులోనికి పోయినది. సంఘటన ముగిసిన తరువాత కూడ లోపల ముగియక, ఒక వాసనకో, అడుగుల చప్పుడుకో, గద్దించు కంఠమునకో తిరిగి మేల్కొను గాయమది. అనువాదకులము ‘మానసిక ఆఘాతము’ అని వ్రాసి సరిపెట్టుకొనుచున్నాము. నాకు మాత్రము ‘గాయము’ అను పాతమాటయే మేలనిపించును. గాయమును తాకు చేయి మెల్లగా తాకవలెనని ఎవరును నేర్పనక్కరలేదు గదా.

సమరయుని గూర్చి ప్రసంగములు అనేకము విన్నాము. పూటకూళ్లవానిని గూర్చి విన్నది తక్కువ. సమరయుడు మరునాడు వెళ్లిపోయెను. గాయపడినవాడు పూటకూళ్లవాని యింటనే మిగిలెను. దారిలో చూపిన కనికరము ఒక వ్యక్తిది. ఆ తరువాతి దినముల సంరక్షణ ఒక సంస్థది. మన బాలుర వసతిగృహములు, స్త్రీల ఆశ్రయములు, సహాయ కార్యాలయములు ఆ పూటకూళ్లవాని సంతతియే.

వాటి గడపయొద్ద ఏమి జరుగుచున్నది? భర్త చేత దెబ్బలు తిన్న స్త్రీ వచ్చినదనుకొందము. ఎందుకు వచ్చితివని కావలివాడు అడుగును. పత్రము నింపుటకు గుమాస్తా అడుగును. పదిమంది కూర్చున్న వరండాలో వార్డెను మరల అడుగును. ఆమె తడబడి ముందుసంగతి వెనుక చెప్పినచో, నిన్న వేరుగా చెప్పితివే అందురు. భయములో పడిన జ్ఞాపకము తరచు వరుసగా నిలువక తునుకలుగా నిలుచునని వారెరుగరు. వారు దుర్మార్గులు కారు, జాలిగలవారే. అయినను ఆమె కథ ఆమె తిను అన్నమునకు వెలగా మారినది. సహాయము చేయుట వలన, గాయపు కథను విను హక్కు మనకు కలుగునా?

రాజుల మొదటి గ్రంథములో ఏలీయా బదరీవృక్షము క్రింద మరణమును కోరుకొనెను. దూత అతనిని తట్టి భోజనము పెట్టెను, నిద్రపోనిచ్చెను, మరల భోజనము పెట్టెను. ఇక్కడ నీకేమి పని అను ప్రశ్న హోరేబు చేరిన తరువాతనే వచ్చినది. అడిగినవాడు జవాబు ఎరుగనివాడు కాడు. అయినను తొందరపడలేదు.

ఈ విషయమున మన దేశ చట్టము మనలో అనేకులకంటె ముందు నడిచినది. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, లైంగిక దౌర్జన్యమునకు గురియైన బిడ్డ వాంగ్మూలమును బిడ్డ ఉండు చోటనో, కోరిన చోటనో తీసికొనవలెను. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని స్త్రీ అధికారి, యూనిఫారము లేకుండ తీసికొనవలెను. రాత్రివేళ బిడ్డను ఠాణాలో ఉంచరాదు. సాక్ష్యమునకై పదేపదే న్యాయస్థానమునకు పిలువరాదు. 2015లో ఆరంభమైన సఖి కేంద్రముల ఉద్దేశమును ఇట్టిదే: వైద్యము, పోలీసు సహాయము, న్యాయసలహా, తాత్కాలిక వసతి ఒకే కప్పు క్రింద దొరకవలెనని. ఆచరణ అంతటను ఇట్లున్నదని నేననుట లేదు.

విచారింపనిదే ఎట్లు సహాయము చేయుదుము, మోసగాండ్రు రారా, లెక్కలు ఎవరు చెప్పుదురు అని కార్యదర్శులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. అవసరమైనంత అడుగవచ్చును: ఒక్కరే, వీలైనంతవరకు ఒక్కసారే, తలుపు వేయగల గదిలో, ఎందుకు అడుగుచున్నామో, వ్రాసినది ఎవరు చదువుదురో ముందుగా చెప్పి. చెప్పనన్నను ఆ రాత్రి పడక దొరకవలెను. ఆ గదికి గడియ లోపలివైపున ఉండవలెను.

లెక్కలకంటె కష్టమైనది మరియొకటి కలదు. వార్షికోత్సవములో దాతల యెదుట బిడ్డను నిలువబెట్టి, తండ్రి ఎట్లు విడిచిపెట్టెనో చెప్పించి, దానికి సాక్ష్యమని పేరు పెట్టుచున్నాము. ఫొటో తీసి నివేదికలో అచ్చువేయుచున్నాము. సంరక్షణ అవసరమైన బిడ్డను గుర్తుపట్టదగిన వివరములను, ఫొటోను ప్రచురించుటను 2015 నాటి బాలల న్యాయచట్టపు 74వ సెక్షను నిషేధించినది. చట్టము లేకున్నను, వేదికపై వలదనలేని బిడ్డచేత పలికించినది సాక్ష్యమెట్లగును?

అట్లని మౌనమును విధించుటయు దయ కాదు. సమూయేలు రెండవ గ్రంథములో తామారును ఊరకుండుమని అబ్షాలోము చెప్పెను. ఆమె అతని యింట చెరుపబడినదై ఉండిపోయెను. ఏడుచు వచ్చిన ఆమెను, నీవేమి కోరుచున్నావని అడిగినవారెవరును ఆ అధ్యాయములో కనబడరు.

ఇక ఖర్చు మాట. సమరయుడు రెండు దేనారములిచ్చి, మించిన దానిని తిరిగివచ్చునప్పుడు తీర్చెదనని పూటకూళ్లవానితో చెప్పెను, గడువు పెట్టలేదు. గడువు తీరగానే ఫైలు మూయు పద్ధతి మన కార్యాలయములలో ఎట్లు ప్రవేశించినదో, ఈ సంవత్సరపు బడ్జెటు వ్రాయకమునుపు కమిటీ సభ్యులు విచారింపవలసియున్నది.