వద్దనే కణాలకు ఒక దండం

వ్యాసర్పాడిని మినీ బ్రెజిల్ అనడం ఉత్తర చెన్నైలో మామూలే. ఇక్కడి మట్టి మైదానంలో చెప్పుల్లేని కుర్రాడొకడు పరుగున వచ్చి, కాలెత్తి, బంతిని తన్నబోయి తన్నకుండా ఆగుతాడు. అడ్డొచ్చినవాడు తూలి పక్కకి పోతాడు, బంతి ఇంకో పక్కనుంచి జారుకుంటుంది. ఏం డాడ్జింగ్! తమిళంలో కేకలు, మధ్యమధ్య మన తెలుగులోనూ. అందరి మెప్పూ ఆ కాలికే. నా మెప్పు మాత్రం ఆ ఆగడానికి.

అందులో పెద్ద వాటా తల వెనక ఒదిగి ఉండే చిన్నమెదడుది. పేరుకే చిన్నది, మన మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో 6,900 కోట్లు అక్కడే కాపురముంటాయి. దాదాపు అన్నీ ‘కానీ, కానీ’ అని ఉసిగొలిపే గ్రాన్యూల్ కణాలే. వద్దనేవి పిడికెడు. ఆ పిడికెడే ఎంత పని చేస్తాయో!

1837లో శాస్త్రవేత్త పుర్కింజి వర్ణించిన కణాన్ని చూడండి. తాటాకు విసనకర్రలా పలకగా విచ్చుకుని, లక్షకు పైగా సన్నని తీగల కబుర్లు వింటుంది. అన్నీ విని బయటికి చెప్పేది ఒకటే మాట: వద్దు. పనేమీ లేకపోయినా సెకనుకు పదుల సార్లు ఆ మాటే. మరి దాన్ని ఆపేదెవరు? 1888లో శాస్త్రవేత్త కాహాల్ పక్షుల మెదడులో చూసి గీసిన బుట్టకణాలు. పుర్కింజి కణం ఒంటిచుట్టూ తీగలల్లి, బయటికి పోయే దాని తీగ మొదట్లో కుంచెలా ముడివేసి, దాని నోరు కాసేపు కట్టేస్తాయి. వద్దనేదాన్నే వద్దంటే కదలిక విడుదలవుతుంది! ఎంత గడుసు ఏర్పాటు!

పుర్కింజి కణం పైకొమ్మల్ని తారకణాలు అదుపు చేస్తాయి. గాల్గీ కణాలైతే గుమ్మంలోనే గ్రాన్యూల్ కణాల హోరు తగ్గిస్తాయి. ఉసిగొలిపే సంకేతం వచ్చిన కొద్ది మిల్లీసెకన్లకే ఆపే సంకేతం వెంటపడుతుంది. ఆ సన్నని సందులో కలిసి వచ్చిన కబుర్లకే విలువ; ఆలస్యంగా వచ్చినవాటికి తలుపు మూసే ఉంటుంది.

ఈ అదుపు విలువ మొదటి ప్రపంచ యుద్ధం చూపించింది. చిన్నమెదడుకు తూటా తగిలిన సైనికుల్ని 1917లో వైద్యుడు గార్డన్ హోమ్స్ వర్ణించాడు: చెయ్యి అందుకోవలసిన చోటు దాటిపోయేది, గురి దగ్గరపడేకొద్దీ వణికేది.

అదుపు పుట్టుకతోనే పూర్తిగా రాదు. గురి తప్పినప్పుడల్లా మెదడు కాండం నుంచి ఎగబాకే తీగ పుర్కింజి కణాన్ని గట్టిగా కుదిపేస్తుంది. ఆ కుదుపులతో బుట్టకణాల, తారకణాల బంధాలూ బిగుస్తాయి, సడలుతాయి. ఎంత తప్పితే అంత నేర్పు అక్కడ పోగవుతుంది. పిల్లల్ని ఇంకో గంట ఆడుకోనివ్వండి, ట్యూషన్ ఎక్కడికీ పోదు.