వేలంపాటలో మనస్సు

2017వ సంవత్సరము అక్టోబరు 26వ తేదీన న్యూయార్కు నగరమునందు ఫిలిప్స్ వారు జరిపిన వేలములో ఒక ఉక్కు చేతిగడియారము 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా ధర పలికినది. రోలెక్స్ డేటోనా అను ఆ గడియారమును ధరించినవాడు హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్. మోటారు పందెములయందు పాల్గొను భర్తకు జాగ్రత్త చెప్పుచు వెనుక మూతపై మూడు మాటలు చెక్కించి ఇచ్చినది ఆయన భార్య జోయాన్ వుడ్‌వర్డ్. పాట యంతయు సుమారు 12 నిమిషములలో ముగిసినది.

బంగారము లేదు, రత్నములు లేవు. కాలము చెప్పుటలో అంగడిలోని చౌక బ్యాటరీ గడియారమే దానికంటె మేలు. అట్లయిన ఆ ధనము దేనికి చెల్లినది? శ్రీమంతుల వెఱ్ఱి యని కొట్టివేయుట సులభము. ఆ వెఱ్ఱి నన్ను పట్టువరకు నేనును అట్లే అనుకొంటిని.

మా తండ్రిగారు హెచ్.ఎం.టి. జనతా గడియారము ధరించెడివారు. తమ కాయకముచే ఆర్జించిన ధనముతో కొనిన వస్తువగుటచే ప్రతి ఉదయము స్నానానంతరము దానికి స్వయముగా కీ ఇచ్చెడివారు. 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో బెంగుళూరునందు ఆరంభమైన ఆ గడియారముల తయారీని మూసివేయుటకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గము ఆమోదించినది. నాడు గుమాస్తాల మణికట్టున నుండినది నేడు సేకరణదారులు వెదకు వస్తువైనది. పాత యంత్రమునకు క్రొత్తగా రంగువేసిన ముఖపలక బిగించి అమ్ముటయు కలదు. కావున కోరికకు తోడు అనుమానమును ఉండును.

తండ్రిగారి గడియారము ఏనాడో పోయినది. అటువంటిదే యొకటి హైదరాబాదులో పాత వస్తువుల వేలమునకు వచ్చుచున్నదని తెలిసి, రెండు వేల రూపాయలకు మించరాదని ఇంటివద్దనే నిశ్చయించుకొని పోతిని. ముందురాత్రి నిద్ర పట్టలేదు. ఇంకను నాది కాని వస్తువును పోగొట్టుకొందునేమో యని భయపడితిని! ఈ భయమునకు తర్కము లేదు. ఊహలో దానిని అప్పటికే ధరించియుంటిని గనుక, కొనకపోవుట నాకు నష్టముగా తోచినది.

పాట రెండు వేలు దాటుటకు ఎంతోసేపు పట్టలేదు. నా హద్దు అక్కడనే నిలిచియున్నది, నేను మాత్రము ముందుకు సాగితిని. ఇంకొక నూఱేకదా అని ప్రతిసారియు అనిపించును. ఆ నూఱు ముందటి నూఱులతో కలిపి లెక్కకు రాదు. ఎదుటి వరుసలో ఒక వృద్ధుడు తలయెత్తకయే చేయి యెత్తుచుండెను. మూడు వేలకు వచ్చుసరికి గడియారము నా కంటికి కనబడుటయే మానినది, ఆ చేయి యొక్కటియే కనబడినది. ఇతనికెందుకు, ఈ వయస్సులో, అని మనస్సులో నింద కూడ చేసితిని. ముఖమెఱుగని మనుష్యునిపై అంత ద్వేషము నాకు ఎన్నడును కలుగలేదు.

1971లో ముగ్గురు అమెరికా ఇంజనీర్లు సముద్రగర్భములోని చమురు క్షేత్రముల వేలమును పరిశీలించి ఒక విషయము చూపిరి. వస్తువు విలువ ఎవరికిని నిశ్చయముగా తెలియనపుడు, దానిని అందరికంటె అధికముగా అంచనా వేసినవాడే గెలుచును. అనగా మిక్కిలి పొరబడినవానికే తఱచుగా విజయము దక్కును. చమురునకు అమ్మకపు ధర యున్నది, లెక్క తేలును. తండ్రి స్మృతికి అటువంటి ధర లేదు గనుక పొరబడితినని ఎవరును నిరూపింపజాలరు. అందువలన నాకు నేను చెప్పుకొను సాకులకు అంతులేకపోయెను. పితృభక్తి అని దానికి పేరు పెట్టుకొంటిని. ఆ వృద్ధుడు లేకపోయిన అదే గడియారము పదునెనిమిది వందలకు దొరకెడిది. అప్పుడు నా భక్తి అంత చౌకయని బాధపడియుందునా? సంతోషించియుందును. కావున పై పన్నెండు వందలు తండ్రిగారి కొఱకు పాడినవి కావు, ఆ చేతిపై గెలుచుటకు పాడినవి.

నాలుగు వేల రెండు వందలకు నా నోరు ఆగినది. వివేకము చేత కాదు, జేబులో అంతకు మించి లేకుండుట చేత. మూడవసారి పిలుపు ముగిసెను. వృద్ధుడు గడియారమును తీసికొని, కీ త్రిప్పి, చెవికి ఆనించుకొని చాలసేపు అట్లే నిలుచుండెను. వెళ్లి పలుకరింపవలెనని అడుగు వేసి, సిగ్గుచే వెనుదిరిగితిని.

ఇంటికి వచ్చిన పిదప గడియారము దొరకినదా అని నా భార్య అడిగెను. లేదంటిని. ఎంతవరకు పాడితిరని ఆమె అడుగలేదు. నేనును చెప్పలేదు.