వీరవేషము వేసిన రౌద్రము

జయించిన చలనచిత్రము ప్రేక్షకుని ఆలోచింపనీయదు. ఓడిన చిత్రము ఆలోచింపక తప్పని స్థితికి వానిని తెచ్చును. రసము చక్కగా పండినచోట సామాజికుడు తన్ను తాను మఱచి, తెరమీద పడిన దెబ్బ న్యాయమా అన్యాయమా యని విచారింపక, తానే కొట్టినట్లు సంతసించును. రసము చెడినచోట ఆ దెబ్బ వట్టి దెబ్బగా, ఆ నెత్తురు వట్టి రంగునీరుగా కనబడి, ‘మన మిచ్చటికి దేనికొఱకు సంతోషింపవచ్చితిమి?’ అను ప్రశ్న మనస్సున తలయెత్తును. 2013 సెప్టెంబరు 6న విడుదలయైన ‘తుఫాన్’ నా కట్టి ప్రశ్నను మిగిల్చిన పోలీసు చిత్రము.

కథ క్రొత్తది కాదు. 1973లో సలీం–జావేదులు వ్రాయగా ప్రకాశ్ మెహ్రా తీసిన హిందీ ‘జంజీర్’ అమితాబ్ బచ్చనుకు ‘యాంగ్రీ యంగ్ మ్యాన్’ అను బిరుదమును తెచ్చిపెట్టినది. మరుసటి యేడే ఎస్.డి. లాల్ దానిని ‘నిప్పులాంటి మనిషి’ యను పేర తెలుగు చేయగా, నందమూరి తారక రామారావు పోలీసు అధికారిగాను, కైకాల సత్యనారాయణ నాయకుని మిత్రుడైన షేర్‌ఖానుగాను నటించి మెప్పించిరి. నలువది యేండ్ల పిమ్మట అపూర్వ లఖియా ఆ కథనే రామ్ చరణ్ నాయకుడుగా హిందీ తెలుగు భాషలలో మరల తీసెను. తెలుగున షేర్‌ఖాను పాత్ర శ్రీహరికి దక్కినది. ప్రతినాయకుని వృత్తి కాలానుగుణముగా చమురు దొంగవ్యాపారముగా మారినది. అంతకు నాలుగేండ్ల ముందే ‘మగధీర’లో తన సత్తా చూపిన రామ్ చరణుని పోరాటపాటవమునందు ఎవరికిని సంశయము లేదు. అయినను రెండు భాషలలోను చిత్రము ఆశించిన ఆదరమును పొందజాలక, అభిమానులకే నిరుత్సాహమును మిగిల్చినది.

లోప మెచ్చట? మూలకథలో నాయకుని కోపమునకు ఒక పుట్టుక కలదు. తల్లిదండ్రులను చంపినవాని మణికట్టున వ్రేలాడిన గొలుసును మాత్రమే చూడగలిగిన బాలుని శోకము, పెరిగి పెద్దదై, క్రోధముగా మారినది. అంతేకాక ఆ క్రోధమునకు పరీక్షయు కలదు: లేని లంచపు నేరము మోపబడి, ఉద్యోగము పోగొట్టుకొని, జైలున పడి బయటికి వచ్చినవాడు, ప్రేమించిన యువతికి మాట యిచ్చి పగను అడచుకొనజూచి, అడచుకొనలేక లోలోన మ్రగ్గిపోవును. తనతో తాను పోరాడు ఆ ఘట్టమే చిత్రమునకు ప్రాణము. ‘తుఫాన్’లో కథాసూత్ర మదే యైనను, కోపము ఖాకీ దుస్తులతోపాటు మొదటనే తొడిగిన వేషము, దానికి పుట్టుక పేరునకు కలదు, పరీక్ష మాత్రము లేదు.

ఈ తారతమ్యమును భరతముని యెన్నడో గుర్తించెను. నాట్యశాస్త్రమున వీరరసమునకు ఉత్సాహము స్థాయి, రౌద్రమునకు క్రోధము స్థాయి. వీరము ఉత్తమప్రకృతులది, అసమ్మోహము, నయము, వినయము, పరాక్రమము దానికి విభావములు. రౌద్రము రాక్షస దానవులకును ఉద్ధతులైన మనుష్యులకును సహజమైనది. అధిక్షేపము, అసత్యవచనము, పరుషవాక్కు, మాత్సర్యము దానిని పుట్టించును. కొట్టుట, పడద్రోయుట, నఱకుట, చీల్చుట దాని వ్యాపారములు. ఈ రెండవ పట్టికను చదివిన నేటి ఫైటుమాస్టరు తన దినచర్యను ఎవరో సంస్కృతమున వ్రాసిపెట్టిరని భ్రమించినను తప్పు లేదు. మన పోలీసు చిత్రములలో పెక్కింటి మాయ యంతయు నిచ్చటనే కలదు: రౌద్రమునకు వీరమను పేరు పెట్టి, ఉద్ధతుని సింహాసనమున ఉత్తముని ఠీవితో కూర్చుండబెట్టుట. నేర్పరియైన దర్శకుడు ఆ మార్పును మన కంటబడనీయడు. నేర్పు చాలనప్పుడు వేషపు అతుకులు బయటపడును.

ఒక్క నాయకుని కొఱకే కథను కట్టుటయే ఈ దోషమునకు మూలమని కొందఱందురు. నేను ఒప్పుకొనను. మా ఓరుగల్లున ప్రతాపరుద్రుని ఆస్థానమున వెలసిన విద్యానాథుని లక్షణగ్రంథమును చూడుడు: రసమునకు, అలంకారమునకు, చివరకు నాటకమునకు సైతము ఆయన యిచ్చిన ఉదాహరణము లన్నింటను నాయకు డొక్కడే, ఆ కాకతీయ ప్రభువు. ఏ తారకును నేటివఱకు అంతటి ‘హీరో ఎలివేషను’ దక్కియుండదు. అట్టి విద్యానాథుడును నాయకగుణములను లెక్కించునపుడు తేజస్వితతో తృప్తిపడక, ధార్మికత్వమును గూడ వానిలో చేర్చెను. పొగడ్త యెంత మితిమీరినను, ధర్మము లేని తేజస్సు నాయకత్వము కాజాలదను ఎఱుక ఆయన కుండెను. మన రచయితలు తేజస్వితను నిలుపుకొని ధార్మికత్వమును జారవిడిచిరి.

పోలీసు ధార్మికత్వ మన నేమి? దండమును సరిగా పట్టుట. మనువు దండమును మహాతేజ మనియు, సంస్కారహీనులకు పట్టరానిదనియు, ధర్మమునుండి తొలగిన రాజును బంధుసమేతముగా అది హతమార్చుననియు హెచ్చరించెను. భారతమందలి మాండవ్యుని కథ దీనికి నిలువెత్తు సాక్ష్యము. దొంగలు సొత్తుతో ఆశ్రమమున దూరి దాగిరి. తఱుముకొని వచ్చిన తలారులు ప్రశ్నింప, మౌనవ్రతమున నున్న ముని బదులీయడయ్యెను. సొత్తు ఆశ్రమమున దొరకినది, మౌనమే నేరాంగీకారమైనది, రాజు శూలదండన విధించెను. నిజము తెలిసి రాజు పాదములపై బడినను, శరీరమున దిగిన శూలము మాత్రము ఊడి రాలేదు. ఆ ముని యమునికడ కేగి కారణమడిగి, బాల్యమున పురుగులను గ్రుచ్చిన తప్పునకు ఇంతటి శిక్షయా యని ఆగ్రహించి, ఆ ధర్మదేవతనే శపించెను. ఆ శాపఫలమే విదురుని జన్మము. శిక్షించువాడు దేవుడైనను, శిక్ష మితి తప్పినచో, తాను ముద్దాయిగా నిలువక తప్పదని వ్యాసుని తీర్పు.

దీనికి బలమైన ఆక్షేపము కలదు; దానిని తేలికగా త్రోసివేయరాదు. 2008 డిసెంబరున వరంగల్లులో ఇద్దఱు ఇంజనీరింగు విద్యార్థినులపై ఆసిడ్ పోసిన ఘోరము జరిగి, కొలది దినములలోనే నిందితులు మువ్వురు పోలీసు కాల్పులలో హతులైనపుడు, ఈ నగరమున సంతోషించినవా రనేకులు. వారిని క్రూరులనుట అన్యాయము. ఆడపిల్లను కళాశాలకు పంపి సాయంకాలమువఱకు గుండె చిక్కబట్టుకొను తల్లికి, ఏండ్లతరబడి వాయిదాలు పడు విచారణ ధర్మముగా తోచదు. ఆమె కోరినది రక్తము కాదు, అభయము. కాని ఆ మార్గమున దొరకునది అభయమేనా? 2019లో షాద్‌నగరు సమీపమున నలువురు నిందితులు కాల్పులలో మరణించిన ఉదంతమును విచారించిన సిర్పుర్కర్ కమిషన్, పోలీసుల కథనము నమ్మదగినది కాదని తేల్చినది. నేడు దోషిపై ప్రేలిన తుపాకి, రేపు మౌనవ్రతమున నున్న మాండవ్యునిపై ప్రేలదని పూచీపడువా రెవ్వరు?

అభయమెట్లు పుట్టునో కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున శిలపై చెక్కించెను. గాలివానకు చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలిమిని హరించుచుండిరి. ధనము ప్రాణముకంటెను విలువైనదని యెఱిగి తాను దాని జోలికి పోననియు, నిర్ణీతమైన సుంకమును మాత్రమే కొందుననియు ఆ ప్రభువు ప్రతిన చేసెను. అదియే అభయశాసనము. అందు రాజు పరులను బెదరింపలేదు. తన చేతిని తాను కట్టుకొని, ఆ కట్టును పదుగురు చదువునట్లు రాతిపై నిలిపెను. అధికారము తన్ను తాను నియమించుకొన్నచోటనే ప్రజలకు నిర్భయత కలుగును. ఒక్క అధికారి కోపమే చట్టమైనచోట వాని అనుగ్రహమున్నంతవఱకే మనకు రక్షణ; అది తప్పిననాడు మన మెవరితో మొఱపెట్టుకొందుము?

అట్లని ‘తుఫాన్’ను త్రోసిపుచ్చిన ప్రేక్షకుడు ధర్మబుద్ధితో త్రోసిపుచ్చెనని నేను చెప్పజాలను; అతనికి కోపము చప్పగా తోచినదేగాని తప్పుగా తోచలేదు. ఇంతకంటె నేర్పుగా తీసిన మఱొక చిత్రము వచ్చిన నాడు మరల ఈలలు మ్రోగును. కావున మంచి పోలీసు చిత్రము కావలెనని కోరువారు ఇంకను భీకరమైన కోపమును కోరుట చాలదు. తుపాకి చేత నుండియు పేల్చక, నేరస్థుని బ్రదికించి న్యాయస్థానమున నిలుపుటకై, పైయధికారుల ఒత్తిడికిని, జనుల ఆగ్రహమునకును, తన పగకును ఎదురీదు అధికారి కథలో నయవినయము లున్నవి, ఉత్సాహమున్నది, ప్రాణాపాయమును కలదు. భరతుడు వీరమునకు కోరిన సామగ్రి యంతయు నచ్చట సిద్ధముగా నున్నది. అట్టి నాయకునికి చప్పట్లు కొట్ట నేర్చిననాడు మన అభిరుచియు, మన ధర్మబుద్ధియు ఒక్కటే యగును. అంతవఱకు దర్శకుల నేర్పు పెరిగినకొలది మనకు ప్రమాదమే పెరుగును.