గోడలోని రాయి మొరపెడితే



కొత్త ఇల్లు కట్టుకున్నవారు గృహాశీర్వాదానికి పిలిస్తే నేను సంతోషంగా వస్తాను. ఆశీర్వదించిన జలం గది గదికీ చల్లుతాను. అయితే ఈ మధ్య ఒక వాక్యం నన్ను వదలడం లేదు. అన్యాయంగా కట్టిన ఇంటి గోడలోని రాయి మొరపెడుతుందని, దూలం దానికి బదులు పలుకుతుందని హబక్కూకు ప్రవక్త అంటారు (2:11). మన గోడల్లోని ఇసుకకు నోరు వస్తే ఏమి చెబుతుంది?

ముందు నేనే ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మా విచారణలో జ్ఞానోపదేశం గది కట్టించాను. రాత్రిపూట ట్రాక్టరులో వచ్చిన ఇసుక చౌకగా దొరికిందని కొన్నాను. ఎక్కడిదని అడగలేదు. ఏటిలోని ఇసుక వాన నీటిని పట్టి ఉంచుతుంది. దాన్ని తోడేస్తే నీరు నిలవదు, ఒడ్డునున్న బావులు అడుగంటుతాయి. ఆ ఏటి ఒడ్డు పల్లె నుండి పూజకు వచ్చే తల్లులు రెండు వేసవులుగా బిందెలతో మైలు దూరం నడుస్తున్నారు. ఇంతాచేసి ఆ గది ఏమైనా సుఖంగా ఉన్నదా? పైన బోడి శ్లాబు, పడమటి గోడకు నీడ లేదు. మే నెలలో పిల్లలు కూర్చోలేరు.

ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ (1917-2007) క్వేకరు, మన సభవారు కారు. అయినా తిరువనంతపురంలో యేసుసభ గురువులకు లొయోలా ప్రార్థనాలయం కట్టి ఇచ్చారు. ఇటుకల మధ్య జాలీ కన్నాలు వదిలి గాలినీ వెలుతురునూ రానిచ్చారు. ఆయన ప్రచారం చేసిన కట్టుబడిని ఇంజనీర్లు 'రాట్ ట్రాప్' అంటారు. ఇటుకను పడుకోబెట్టక అంచు మీద నిలిపి, గోడ మధ్య ఖాళీ వదలాలి. తొమ్మిది అంగుళాల గోడకు ఇటుకలు దాదాపు 25 శాతం తగ్గుతాయి. మాలు తగ్గుతుంది గనుక ఇసుకా తగ్గుతుంది. ఆ ఖాళీలోని గాలి ఎండ వేడిని లోపలికి రానివ్వదు. మూలలు, గుమ్మాల పక్కలు మాత్రం గట్టిగా నింపాలి. కరెంటు పైపులు ఎక్కడ పోవాలో ముందే అనుకోవాలి.

శ్లాబు అడుగున లాగుడును తట్టుకునేది ఇనుమే గాని కాంక్రీటు కాదు. అక్కడ కొంత మేర మంగళూరు పెంకులు పెట్టి పోయవచ్చు, ఇంజనీరు లెక్క కట్టి ఇస్తేనే సుమా. థర్మల్ కేంద్రాల బూడిదతో చేసే ఇటుకలను బట్టీలో కాల్చనక్కరలేదు, పొలం పైమన్నూ మిగులుతుంది.

మా మేస్త్రీకి ఇవి రావంటారా? నేర్చుకునే రెండు రోజుల కూలి మీరే ఇవ్వండి. పనివానికి కూలి ఎగవేసి మేడ కట్టినవానిని యిర్మియా ప్రవక్త ఏమన్నారో (22:13) చదవండి. మొదట ప్రహరీ గోడ మీద అతని చేయి తిరగనివ్వండి.

మా గురుమందిరం వెనుక గోడ ఇప్పుడు ఇట్లే లేస్తున్నది. ఇల్లు తలపెట్టినవారు ఏ విచారణవారైనా సరే, మేస్త్రీని వెంటబెట్టుకొని రండి. ఇసుక ఏ రేవుదో ఈసారి రసీదు కూడా చూపిస్తాను.